ముందు వరుసలోని గొంతు

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఈ ఉత్తరంలో అంతకుమించి ఏమీ ఆశించకు.

పోయిన నెల క్లబ్బులో మీ పంక్ బృందం పాడినదంతా నేను ముందు వరుసలో నిలబడి రికార్డు చేసిన మాట నిజమే. అభిమానులకు పంచేముందు అందులో నా గొంతు తీసేయమని కోరావు. అది సాధ్యం కాదు. నువ్వు మాటలు మరిచిన ప్రతిచోటా అందించింది ఆ గొంతే. మా వంటింట్లో మీరు సాధన చేసిన పాటలు గనుక నాకు కంఠతా వచ్చు.

చివర్లో మైకులో నువ్వన్నది కూడా అందులో ఉంది. "మా అక్కకి నలభై ఏడేళ్లకి రాత్రి కాలేజీ పట్టా వచ్చిందిరా. ఇక ఇంట్లో కుక్క కూడా వ్యాకరణం తప్పకుండా మొరగాలి." అందరూ నవ్వారు. నేను రికార్డరు కదలకుండా పట్టుకున్నాను.

కనుక ఒక్క అక్షరం కత్తిరించకుండా అభిమానులందరికీ పంచాను. మీ డ్రమ్ములవాడు ఫోన్ చేసి, "ఇంతకీ పాడింది నువ్వా, వాడా అక్కా?" అన్నాడు. అందించింది అక్క, అరిచింది తమ్ముడు అని సవినయంగా తెలియజేశాను.

శనివారం మళ్లీ పాడుతున్నారట. తప్పక వస్తాను. అదే చోట నిలబడి రికార్డు చేస్తాను. నోరు మాత్రం విప్పను.

ఇట్లు,
నీ అక్క, బి.ఏ.