బతికొచ్చిన మనిషి పేరు

క్రాకోవ్,
1945 నవంబరు 14.

వలేరియా గారికి సలొమేయా నమస్కరించి రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం అని రాయడం ఆనవాయితీ గనక రాస్తున్నాను. మీ పాప జలుబు తగ్గిందనుకుంటాను.

పద్నాలుగు నెలల నా ఫ్రైడాను మీ చేతుల్లో పెట్టి పోయాను. ఇంట్లో యూదుల పిల్ల ఉందని తెలిస్తే మిమ్మల్నీ కాల్చేసేవాళ్ళు. అయినా మూడేళ్ళు దాచారు. అది తలుచుకోని రోజు లేదు. కానీ మీ మీద కోపం చల్లారడం లేదు, దాచుకోవడం నాకు చేతకాదు.

ఈ వేసవిలో జర్మన్ల శిబిరం నుంచి నేరుగా మీ గుమ్మంలోకి వచ్చాను. దయ్యాన్ని చూసినట్టు మీరు శిలువ గుర్తు వేసుకున్నారు. చంకలో పసిపాప. పేరేమిటంటే సలొమేయా అన్నారు, మీ జ్ఞాపకంగా పెట్టుకున్నామండీ అని మురిసిపోయారు. మా యూదుల్లో బతికున్న మనిషి పేరు బిడ్డకు పెట్టరు. పెట్టారంటే ఆ మనిషి పోయినట్టే. మీకేం తెలుసు పాపం! కానీ నా ఫ్రైడా మీ చెవిలో ఏదో గుసగుసలాడింది. సలొమేయా అమ్మ చచ్చిపోయిందిగా, ఈవిడెవరు, ఎప్పుడు పోతుంది అంటోందని మీరు నవ్వుతూనే నాకు చెప్పారు. జర్మన్లు నన్ను చంపలేకపోయారు. మీరు ప్రేమగా బాప్తిస్మం ఇప్పించి మరీ పాతిపెట్టారు.

పిల్లను తెచ్చుకుని మూడు నెలలైంది. ఇక నా వల్ల కాదు. మీకోసం పగలంతా ఒకటే ఏడుపు. ఇల్లెగిరిపోయేలా అరుస్తోంది. ఇది ఇల్లా, సంతా అని పక్కవాటా వాళ్ళు తలుపు బాదుతున్నారు. ఇంత మొండిఘటాన్ని తయారుచేశారుగా, మీరే అనుభవించండి. ఆదివారం పొద్దుటి రైల్లో తీసుకొస్తాను. నాకోసం టీ కాచే పని పెట్టుకోకండి. గుమ్మంలోంచే వెళ్ళిపోతాను.

ఇట్లు,
ఇంకా బతికే ఉన్న
సలొమేయా

తా.క. ఆ అరుపుల సంగతి అబద్ధం. మా వాటాలో పిల్ల ఉందనే పక్కవాళ్ళకు తెలియదు. మంచం కింద దూరి, నోట్లో పిడికిలి పెట్టుకుని ఏడుస్తుంది. చప్పుడు బయటికి రాదు. యుద్ధం అయిపోయిందే తల్లీ, గట్టిగా ఏడువు అని కాళ్ళావేళ్ళా పడ్డాను. నిన్న మొదటిసారి నాతో ఒక మాట మాట్లాడింది. బయటివాళ్ళు ఉన్నప్పుడు ఏడవకూడదట, అమ్మ చెప్పిందట. అమ్మంటే మీరు. ఆదివారం నేను మీ వీధి మలుపు తిరిగేదాకా కాస్త ఆగండి. ఆ తర్వాత దాన్ని ఏడవనివ్వండి.