శీలావతి పెదవి

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. జ్ఞాపకార్థ కూడికకి చేపల పులుసు పెడదామని నందిగామ మార్కెట్‌కి నేనే వెళ్లాను.

బడిలో చెప్పింది చాలదన్నట్టు ఆ చేపల బండి దగ్గర కూడా మీరు పాఠం మొదలుపెడితే, ముప్పై ఏళ్లు సిగ్గుతో చచ్చాను. బొచ్చె చేపకి నోరు పైకి ఉంటుంది కాబట్టి నీటి మీద తేలేది తింటుంది. శీలావతి పెదవికి కుచ్చులుంటాయి, వాటితో నాచు గీక్కుంటుంది. నున్నటి పెదవి ఉన్న మోసు చేపకి అడుగు బురదే గతి. అందుకే ఒకే చెరువులో మూడూ తిండికి కొట్టుకోవు అనేవారు. మన వెనక నిలబడ్డ జనం మాత్రం కొట్టుకునేవాళ్లు.

ఇవాళ చేపలతను శీలావతి అంటూ ఒకటి తూచబోయాడు. నేను దాని నోరు తెరిచి చూశాను.

"పెదవికి కుచ్చులేవయ్యా? ఇది మోసు."

అతను నెత్తి గోక్కున్నాడు. "సారు పోయారు కదా అనుకున్నానమ్మా!"

"నేనూ అలాగే అనుకున్నానయ్యా" అన్నాను.