అత్త ఇచ్చిన పళ్ళు

విజయనగరం, 14 జూన్ 1946

నీళ్ళు తాగినా పళ్ళు జివ్వుమంటున్నాయి. ముందు పళ్ళు అద్దం పెంకుల్లా పలచబడ్డాయి. దవడ పళ్ళు చిగుళ్ళదాకా అరిగిపోయాయి. బట్టలకొట్లో బేరమాడితే మాట సరిగ్గా పలకడం లేదు. నాకింకా ముప్పై నిండలేదు.

అన్నీ పీకించేసి సెట్ పెట్టించుకోమన్నారు నాన్న. మా ఆయన సరేనన్నారు. అత్త ఒప్పుకోలేదు. ఆవిడకి ఒక్క పన్నూ లేదు.

"నాకు లేవు. నీకూ లేకపోతే ఈ ఇంట్లో నమిలేదెవులు?" అంది.

17 జూన్

కలకత్తాలో చదివొచ్చిన డెంటిస్టు భీమశంకరరావుగారి దగ్గరికి అత్త లాక్కెళ్ళింది. ఆయన నోరంతా చూసి, పడుకుంటే గొంతులోకి పులుపు ఎగదన్నుతుందా అని అడిగారు. ఏళ్ళుగా ఉంది. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. కడుపులోని యాసిడ్ పళ్ళను తినేస్తోందట. అది ఆగనిదే ఏం కట్టినా నిలవదట. ఆగితే మాత్రం ఒక్కటీ పీకనన్నారు.

తినగానే పడుకోకూడదు. పులుపు విరగడానికి మిల్క్ ఆఫ్ మెగ్నీషియా తాగాలి. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు.

18 జూన్

ఇటుకలు అత్తే మోసుకొచ్చింది.

2 జూలై

ఇంట్లో పులుసు బందు, ఆవకాయ బందు. నాకొక్కదానికే కాదు, అందరికీ. మావగారు సణిగారు.

"కోడలు సూస్తంటే మనకి ముద్ద దిగుతాదేటి?" అంది అత్త. ఆయన పొట్లకాయ పప్పు కలుపుకున్నారు.

5 ఆగస్టు

పులుపు ఎగదన్నడం ఆగింది. డాక్టరుగారు పని మొదలెట్టారు. ఇంజెక్షన్ ఇచ్చి, కాలితో తొక్కే మెషీన్‌తో తొడుగు పట్టేలా పళ్ళను అరగదీశారు. పళ్ళు అరిగి నా పై దవడా కింది దవడా దగ్గరైపోయాయట. వెనక పళ్ళకి బంగారు తొడుగులు వేసి ఎత్తు పెంచితేగాని ముందు పళ్ళకి చోటు రాదట. మైనం కొరికించారు, చెక్కారు, మళ్ళీ కొరికించారు. విసుగన్నది లేదు. అలాంటి చేతులు నేను చూడలేదు.

బంగారం మాట వినగానే అత్త వేలి ఉంగరం లాగి ఆయన ముందు పెట్టింది. వద్దన్నాను.

"నోట్లో వుంటే దొంగోడు కూడా ఎత్తుకెళ్ళలేడు," అంది.

6 సెప్టెంబరు

తొడుగులు పోయిన నెలే అమిరాయి. ముందు పళ్ళకి అచ్చు తీసి కలకత్తా పంపారు. పింగాణీవి అక్కడే చేస్తారట. పార్సెల్ ఇంకా రాలేదు. అక్కడ హిందూ ముస్లిం గొడవల్లో మనుషులు పోతున్నారని పేపర్లో వేశారు. ఈ సమయంలో నా పళ్ళ కోసం ఏడవడమేమిటని సిగ్గేసింది. అయినా ఏడ్చాను.

19 అక్టోబరు

వచ్చాయి! డాక్టరుగారు ఒక్కొక్కటే అతికించి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో చూశారు. మల్లెపువ్వులా తెల్లగా ఉంటాయనుకున్నాను. లేవు, నా పళ్ళలాగే ఉన్నాయి. మరీ తెల్లగా ఉంటే అబద్ధంలా ఉంటుందని రంగు ఆయనే ఎంచి కలకత్తాకి రాశారట. నేను దండం పెడితే, మీ అత్తగారికి పెట్టమన్నారు.

దారిలో అత్త వేరుశెనక్కాయలు కొంది. నేను నములుతుంటే పక్కనే నడుస్తూ ఆ చప్పుడు వింది.

20 అక్టోబరు

మధ్యాహ్నం నిద్రలో నవ్వానట. అత్త విసనకర్ర ఆపేసి చూస్తూ కూర్చుందట. లేపబుద్ధి కాలేదంది.