పన్నెండో పిడి

ఈవెన్నీ,
1923 జనవరి 9.

తమ్ముడు ఇల్టిడ్‌కి,

అన్న హోప్కిన్ దీవెనలు. నీకు చదివి వినిపిస్తున్న మరదలు మార్గెడ్‌కి కూడా. పన్నెండేళ్లు ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, ఇప్పుడు క్షేమమా అని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. నీ క్షేమం ఎలాంటిదో మార్గెడ్ ఉత్తరంలో చదివాను.

బొగ్గుగని దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందట. మంచం దిగితే ఆయాసమట. నీళ్ల గ్లాసు ఎక్కడ జారుతుందోనని రెండు చేతులా పట్టుకుంటున్నావట. ఆనాడు పండుగ గిన్నెకి ఊడిన పిడి తలగడ కింద పెట్టుకుని, నా చేతికి ఏం తెగులు పట్టిందే అని ఆవిడని ఇప్పటికీ అడుగుతున్నావట. అక్కడ ఉత్తరం మడిచేశాను. కుమ్మరిచక్రం మీద నీ చేతులు ఆడుతుంటే నాన్న పని మానేసి చూసేవాడు.

మొన్న కొత్త సంవత్సరం పండుగ పేరుకి జరిగింది. గుర్రపుపుర్రెకి తెల్లదుప్పటి కప్పి ఇంటింటికీ తిప్పారు. పాటలో గెలిస్తేనే లోపలికి రానిచ్చి బీరు పోస్తారుగా, గుమ్మానికి అటూ ఇటూ నిలబడి పాటకి పాట బదులు చెప్పుకున్నారు. క్యాట్రిన్ పెద్దమ్మ నోరు తగ్గలేదు. గుర్రానికైనా పళ్లున్నాయి, పాడేవాడికి అవీ లేవు, మీకు బీరెందుకురా గంజి కాస్తాను పొండి అని తలుపు వెనక నుంచి దులిపేసింది. అందరూ నవ్వారు.

తర్వాత వేడిబీరు గిన్నె చేతులు మారింది. అదే గిన్నె, పన్నెండు పిడుల్లో మిగిలిన పదకొండుతో. ఆ బోడిచోటు తనవైపు తిరిగితే చాలు, ప్రతివాడూ నీ పేరెత్తుతాడు. తాగుబోతు చేతికి పండుగ గిన్నె ఇస్తే ఇంతే అంటాడు. ఆ నింద మోసుకునే నువ్వు చక్రం వదిలి బొగ్గుగనికి పోయావు. పన్నెండేళ్ల కిందట ఆ రోజు నువ్వు ఒక్క గుక్కయినా తాగకముందే పిడి ఊడి, మరిగే బీరు నాన్న కాళ్లమీద పడిందని నాకు తెలుసు. అయినా నోరు మెదపలేదు. ఈ ఏడూ మెదపలేదు.

కొత్త గిన్నె చెయ్యమంటున్నారు. నావల్ల కాదు. మట్టి ముట్టుకుంటే చాలు, ఒళ్లారిన గిన్నెకి తడిపిడి అతకదురా అని నాన్న అరిచినట్టే ఉంటుంది. నువ్వు రాగలిగితే చక్రం నీది. రాలేవని తెలిసే రాస్తున్నాను.

నీ అన్న,
హోప్కిన్.

తా.క. ఆ గిన్నె చేసింది నాన్న, పిడులు అతికించింది నేను. పదకొండు అతికించి సంతకి పోయాను. తిరిగొచ్చేసరికి గిన్నె ఒళ్లారిపోయింది. అయినా పన్నెండోది అంటించేశాను. కాల్చాక గోటితో కొడితే అక్కడ బీటువారిన కుండ శబ్దం వచ్చింది. చక్రం మనిద్దరిలో ఎవరికివ్వాలో నాన్న తేల్చుకుంటున్న రోజులవి. గిన్నె నీకు అందించేటప్పుడు ఆ పిడిని నీవైపు తిప్పాను. తెలిసే తిప్పాను. నీ చేతికి ఏ తెగులూ లేదురా. మార్గెడ్, వాడికి ఉత్తరమంతా వినే ఓపిక లేకపోతే, ముందు ఇదే చదువు.