సూరిబాబు కాపలా

1979

జూన్ 3
రైసు మిల్లులో జట్టు కూలీలతో గొడవ సద్దుమణిగి నెల దాటింది. రాయి తగిలిన ఆయన నుదురు మానింది. ఆ భయంతో కాపలాకి పెట్టుకున్న నలుగురు మాత్రం ఇంకా మా వసారాలోనే… సూరిబాబు, వాడి మనుషులు. ముందు వాళ్ళకి వడ్డించాలి. ఆ తర్వాతే ఇంట్లోవాళ్ళం.

జూన్ 5
కోరుకొండ గుడికి వెళ్ళాం. మెట్ల మీద జనాన్ని తోసి మాకు దారి చేశాడు సూరిబాబు. ఒక ముసలమ్మ చేతిలో కొబ్బరికాయ జారి దొర్లిపోయింది. ఆవిడ మా వంక చూసిన చూపు… దణ్ణం పెట్టుకోబుద్ధి కాలేదు.

జూన్ 9
ఎమ్మే పరీక్షకి ప్రైవేటుగా కట్టాను. ఇవాళ రోమ్ చరిత్ర చదివాను. చక్రవర్తిని కాపాడటానికి ఏరి పెట్టుకున్న దళం. కొత్తవాడు గద్దెనెక్కితే ముందు వాళ్ళకి కానుకలు. అదుపులో పెట్టబోయిన ఒక ముసలి చక్రవర్తిని వాళ్ళే నరికారు. తర్వాత తమ శిబిరం గోడ మీద నిలబడి సింహాసనాన్ని వేలం వేశారు — ఎవరెంత ఇస్తారని.

భోజనాల దగ్గర ఆయనకి చెప్పాను.

"నీకీ చదువెందుకే అసలు…"

వసారాలో నవ్వు. వింటున్నారన్నమాట.

జూన్ 14
మిల్లు వెనక మా మరిది కారు. ముందు సీట్లో సూరిబాబు. మిల్లులో వాటా కోసం అన్నగారితో మాటలు మానేసిన మనిషికి వీడితో ఏం పని?

జూన్ 15
ఆయనకి చెప్పాను. వాణ్ణే పిలిచి నా ఎదుట అడిగారు.

"చిన్నయ్యగారు మీ ఒంట్లో ఎలా ఉందని అడిగారండి. అంతేనండి."

"విన్నావా?" అన్నారాయన నాతో.

విన్నాను. వెళ్తూ వాడు నన్ను చూసిన చూపూ చూశాను. చేతిలో పళ్ళెం వాడి మొహాన కొట్టాల్సింది.

జూన్ 18
ఆయనకి జ్వరం. డాక్టరుగారిని గేటు దగ్గరే వెనక్కి పంపేశాడు సూరిబాబు.

"అయ్యగారు వద్దన్నారండి."

"నేనెప్పుడన్నాను?" అన్నారాయన, నీరసంగా. అయినా వాణ్ణి పిలిచి అడగలేదు. భయమా… నా మాటే నిజమైందని ఉక్రోషమా?

జూన్ 19
"మా ఇంట్లోంచి పో" అన్నాను సూరిబాబుతో.

"అయ్యగారు చెప్పాలండి." బీడీ కూడా ఆర్పలేదు.

జూన్ 20
పొద్దున్నే మరిది కారు. గేటు వాళ్ళే తీశారు. ఆయన గది తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని సూరిబాబు.

"లే. లోపలికెళ్ళాలి."

"కాసేపాగండమ్మా. చిన్నయ్యగారు మాట్లాడతారంట."

లోపల దగ్గు. ఆయన గొంతు — "సూరిబాబూ… ఎవరొచ్చారు?"

వాడు లేవలేదు. పలకలేదు.

మరిది చెప్పులు విప్పి, నా వంక చూడకుండా వచ్చాడు. అతని కోసం సూరిబాబు లేచాడు. ఇద్దరూ లోపలికెళ్ళి గడియ పెట్టుకున్నారు. కొట్టాను. తియ్యలేదు. మిగతా ముగ్గురూ వచ్చి నా చుట్టూ నిలబడ్డారు.

పనిమనిషి లక్ష్మిని దొడ్డిదారిన డాక్టరుగారి కోసం పంపాను. వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. లక్ష్మి ఇంకా రాలేదు. ఆ గదిలోంచి మాటలు వినిపించడం లేదు. దగ్గు కూడా…