పసుపు పూసిన పిప్పి

పెనుమూరు,
సోమవారం.

నా బంగారు తల్లి లోహితమ్మకు,

మీ నాయన మునస్వామి గుండె నిండా దీవెనలతో రాస్తున్నాడు. ఇక్కడ నేనూ, మీ అమ్మా, బెల్లం గానుగా బాగున్నాం. ఈ ఉత్తరాన్ని చెరకు పిప్పి మూట మూతికి కట్టి నాయుడుపేట బస్సులో వేస్తున్నాను. ఫోనులో చెప్పవచ్చు కదా అంటావు. ఫోను తీయగానే అల్లుడు స్పీకరు పెడతాడు, పక్కనే మీ మామ కూర్చుని ఉంటాడు. నేను చెప్పబోయేది ఆయన గురించే.

ముందు సంతోషం చెప్పనీ తల్లీ. ఏర్పేడు కాలేజీలో నువ్వు చేసే పని నాకు ఇన్నాళ్ళకు అర్థమైంది. రైతులు పారేసే గడ్డినీ, పిప్పినీ సున్నపునీళ్ళలో నానబెట్టి, మెత్తబరిచి, అందులో దాగిన తీపిని బయటికి లాగుతావు. కంటికి కనబడని బ్యాక్టీరియాకు దాన్ని తిండిగా పెడతావు. అవి తిని, పాలు తోడుకున్నట్టుగా దాన్ని పులియబెట్టి ఒక ఆమ్లం ఇస్తాయి. ఆ ఆమ్లంతో ఆపరేషను కుట్లకు దారం చేస్తారట, అది ఒంట్లోనే కరిగిపోతుందట. ఈ మాట చెప్పని మనిషి ఊళ్ళో లేడు. టీ అంగడి ఎల్లప్పకు చెబితే, "అయితే నీ కూతురు పురుగులకు సంగటి పెట్టే ఉద్యోగం చేస్తాందన్నమాట" అన్నాడు. అన్నా నాకు కోపం రాలేదు. అంత ఆనందంగా ఉన్నాను.

ఇక మనసులోది. మొన్న చిత్తూరులో మనవాళ్ళ గృహప్రవేశానికి మీ మామ సుందరరాజు కూడా వచ్చాడు. పంక్తిలో నా పక్కనే కూర్చున్నాడు. "ఏం బావా, మా వరిగడ్డి తిని నీ కూతురి పురుగులు బాగా బలిసినాయంట గదా. కాలేజీకి పులియబెట్టే పెద్ద తొట్టి వస్తాండాదంట. దాంట్లోకీ మా గడ్డే" అన్నాడు. వడ్డించేవాళ్ళు కూడా విన్నారు. నేను పాయసం ఆకులోనే వదిలేసి లేచాను.

నువ్వు పిప్పి కుప్ప మీద పొర్లి పెరిగిన బిడ్డవు. గానుగ దగ్గర నీ గ్లాసు నిండకుండా నేను రసం పొయ్యి మీదికి ఎక్కించలేదు. అలాంటి దానివి, మెట్టినింటి గడ్డి మోసుకుపోతావా? నాయుడుపేట నుంచి రోజూ పోయి వస్తావు కాబట్టి చేతికందింది పట్టుకుపోయావని మీ అమ్మ అంటుంది. నాకూ తెలుసు. తెలిసినా మండుతుంది తల్లీ. ఈ మధ్య ఆయన కొత్త చొక్కా వేసుకున్నా మండుతుంది, నువ్వు ఫోనులో "మామయ్యా" అని పిలిచినా మండుతుంది.

అందుకే పొయ్యిలోకి పోయే పిప్పిలో తెల్లటిదంతా ఏరి పంపుతున్నాను. శుభకార్యానికి పోయేది బోసిగా పోకూడదని నేనూ మీ అమ్మా దోసిళ్ళతో పసుపు పట్టించి, గంగమ్మ ముందు పెట్టి మొక్కుకున్నాం. పెద్ద తొట్టిలోకి నా పిప్పి పోవాలి. ఇదొక్కటే అడుగుతున్నాను.

నిన్ను భుజాన మోసిన
మీ నాయన,
మునస్వామి.

*

పెనుమూరు,
మంగళవారం.

నా చిన్నితల్లికి,

మూటలు పంపిన వారానికి నువ్వు చేసిన ఫోను పెట్టేసినప్పటి నుంచి నేను గానుగ వైపు పోలేదు. ఎంత నెమ్మదిగా చెప్పావు నువ్వు. "నాయనా, నీ పిప్పిలో అవి బతకలేదు. నీళ్ళు చిక్కబడలేదు, పులవలేదు." ఎందుకో ఇంకా తెలియదన్నావు. పెద్ద తొట్టికి ఏది వాడాలో తేల్చడానికి ఎక్కువ రోజులు లేవన్నావు.

నాకు తెలుసు ఎందుకో. ఆ మూటలు బస్సు దిగి నేరుగా కాలేజీకి రాలేదు కదా. మీ మామ దించుకుని, ఇంట్లో పెట్టుకుని, మర్నాడు నీతో పంపాడు. ఆయన గడ్డి తిని బలిసిన పురుగులు నా పిప్పి తిని చస్తాయా? మందు కొట్టని చెరకు తల్లీ అది. ఆ మూటలు నాయుడుపేటలో ఎవరో విప్పారు.

ఈ మాట అంటే మీ అమ్మ చేటను కింద పడేసింది. "ఆ మనిషికి పనీపాటా లేదా, నీ పిప్పిలో మందు కలిపేదానికి? పిల్లనిచ్చిన ఇంటి మీద నింద మోపేదానికి నీకు ఇదే దొరికిందా?" అంది. నీ కాపురంలో చిచ్చు పెట్టొద్దని ఏడ్చింది. నాకూ భయమే. కానీ ఈ అనుమానాన్ని కడుపులో పెట్టుకుని ఆయన పక్కన ఇంకో పంక్తిలో కూర్చోలేను.

ఎల్లుండి ఏర్పేడుకు వస్తున్నాను. ఆయన్ను కూడా అక్కడికి రమ్మను. నీ ఎదుటే అడుగుతాను. నువ్వు అడ్డం రావద్దు.

మీ నాయన,
మునస్వామి.

*

పెనుమూరు,
ఆదివారం.

నా తల్లీ, నా లోహితమ్మా,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. నిన్న నువ్వు ఫోను చేసి "నాయనా, నీ పిప్పి పులిసింది, పెద్ద తొట్టిలోకి అదే" అన్నప్పటి నుంచి నా కాలు నేల మీద నిలవడం లేదు. ఊరంతా బెల్లం పంచాను. ఎల్లప్ప చేత మాట్లాడకుండా తినిపించాను.

కానీ గురువారం సంగతి నీకు పూర్తిగా తెలియదు.

నేను వచ్చేసరికి మీ షెడ్డు వెనక మీ మామ పంచె ఎగ్గట్టి, ఒక సిమెంటు తొట్టి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. మోచేతుల దాకా నా పిప్పిలో ఉన్నాడు. తొట్టిలో నీళ్ళు ఎర్రగా, చిక్కగా ఉన్నాయి. అనుకున్నదే అయిందని నా ఒళ్ళు మండిపోయింది. "దాంట్లో ఏం కలుపుతాండావు బావా?" అని గట్టిగా అడిగాను.

ఆయన తలెత్తి, "రా బావా, రా. పిప్పికి పెండ్లి చేసి పంపినావు గదా. ఎంత పసుపప్పా ఇది? సున్నపునీళ్ళు మార్చి మార్చి పోసినా ఎర్రగానే వస్తాండాది" అన్నాడు. నువ్వు గుమ్మంలో కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నావు.

పుండు మీద పసుపు ఎందుకు వేస్తామో నువ్వు గుర్తు చేస్తే గాని నా బుర్రకు ఎక్కలేదు. పుండులో పురుగును చంపేది నీ పురుగును మాత్రం వదులుతుందా? ఇన్నేళ్ళుగా ఇంట్లో పసుపూ సున్నమూ కలిపి దిష్టి తీశాం. ఆ ఎర్రనీళ్ళే అవి. ఆయన గడ్డికి దిష్టి పెట్టింది నేను. నా పిప్పి ముందు కూర్చుని ఆ ఎర్రనీళ్ళు పారబోస్తున్నది ఆయన.

నువ్వు లోపలికి పోయాక, "నీకెందుకు బావా ఈ శ్రమ? నీ గడ్డి ఉండాది గదా" అన్నాను. ఆయన చేతులు ఆపలేదు.

"గడ్డి రెండు తూర్లు చెడిపోయె బావా. కోడలు నవ్వి, ఇంకో మోపు ఇయ్యి మామయ్యా అనె. నీ పిప్పి పులవలేదని తెలిసిన పొద్దు మాత్రం ఆ పిల్ల అన్నం ముట్టలేదు. మా ఆడామె బతిమాలినా తినలేదు. ఇంట్లో బిడ్డ పస్తుంటే నేనెట్ల తినేది? ఎందుకు చచ్చినాయో కనుక్కోమ్మా, కడిగే పని నాది అన్నా."

బిడ్డ పస్తు ఉందని వింటే ఏ తండ్రికైనా బాధ కలగాలి. నాకు మాత్రం, తల్లీ, చెప్పుకుంటే సిగ్గు, ఆకాశంలో తేలినట్టయింది. నేనూ పంచె ఎగ్గట్టి తొట్టికి అవతల కూర్చున్నాను. అడగాలని వచ్చిన మాట నోట్లోంచి రాలేదు. నువ్వూ ఆయనకు ఎప్పటికీ చెప్పొద్దు.

ఒక్క సంగతి మటుకు దాచలేను. ఎల్లప్ప అంగడిలో ఈ కథంతా ఉత్సాహంగా చెబితే అందరూ, "ఎంత మంచి వియ్యంకుడప్పా నీకు" అని ఆయన్నే మెచ్చుకుంటున్నారు. పిప్పి నాది, బిడ్డ నాది, పేరు ఆయనకు. మళ్ళీ కొంచెం మండింది.

పెద్ద తొట్టికి మూటలు రేపటి బస్సులో వస్తాయి. చిటికెడు పసుపు కూడా లేదు, నేనే దగ్గరుండి కట్టించాను. వీటిని ఆయన ముట్టుకోనక్కర లేదని చెప్పు. పై మూటలో మొదటి పాకం బెల్లం దిమ్మ ఉంది, అది మీ మామకు. దానికి మాత్రం మీ అమ్మ పసుపు బొట్టు పెట్టింది. కడగకుండా తినమను.

నీ పిప్పి నాయన,
మునస్వామి.