పంటినొప్పి మొసలి ఎవరి పుస్తకంలోది?

శ్రీ దుర్గా సహాయం
కృష్ణనగర్, పుష్యమాసం

గౌరవనీయులైన వియ్యపురాలు శైలబాల గారికి,

నమస్కారాలు. మన మనవరాలు తుల్తులి క్షేమంగా చేరింది. మా అబ్బాయి, మీ అమ్మాయి కలకత్తాలో ఉద్యోగాలకు పరుగులు తీస్తున్నారు కనుక ఆ నాలుగేళ్ల పిల్లను కొన్నాళ్లు మీరు, కొన్నాళ్లు నేను చూసుకోవాలని అనుకున్నాం. చదివి వినిపించే బొమ్మల పుస్తకాన్ని మాత్రం నేనే ఎంచుతానని అప్పుడే చెప్పాను.

ముప్పై ఏళ్లు బడిని నడిపినదాన్ని, పుస్తకం ఊరికే కొనను. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. పేజీకి రెండు వాక్యాలు మించకూడదు. అచ్చుతప్పు ఉండకూడదు. చివర నీతి ఉండాలి. ఇవన్నీ చూసే ‘బాతుగారి దినచర్య’ కొన్నాను. పిల్ల దాన్ని తన రేకుపెట్టెలో పెట్టుకునే మీ ఇంటికి వెళ్లింది, పెట్టుకునే తిరిగి వచ్చింది.

ఇప్పుడు నేను “బాతు తెల్లవారకముందే లేచెను, ముఖము కడుగుకొనెను” అని చదవగానే నా నోటికి చెయ్యి అడ్డం పెడుతోంది. “తప్పు చదువుతున్నావ్ ఠాకుమా! మొసలేదీ? దిదా చదివితే మొసలొస్తుంది!” అంటోంది. నేను ఠాకుమా, మీరు దిదా కదా దానికి. ఆ మొసలికి పంటినొప్పట. డాక్టరుకు లంచంగా ఇలిష్ చేప పట్టుకెళ్లిందట. పైగా అది “ఓలమ్మో, సలిపేత్తంది, నాను బతకను” అని ఏడుస్తుందట. అచ్చం బరిసాల్ పడవవాళ్ల యాస. వచ్చే ఏడు ఈ పిల్లను బడిలో వేయాలి.

మీరు కొన్న ఆ మొసలి పుస్తకం పేరు, అచ్చువేసినవారి చిరునామా వెంటనే రాయగలరు.

ఇట్లు,
చారుశీలా సేన్‌గుప్త

తా.క.: డాక్టరు ఆ చేప తీసుకున్నాడా లేదా? తుల్తులి అడుగుతోంది.

---

చందన్‌నగర్

బెయాన్ దిదీకి, మా వియ్యపురాలు అక్కగారికి, శైలబాల నమస్కారాలు.

మీ ఉత్తరం మావారు పైకి చదివి వినిపించారు. మొసలి ఏడుపు దగ్గర నవ్వాగక ఆయన కళ్లజోడు జారి టీ కప్పులో పడింది. ఈపాటికి ఆరే ఉంటుంది.

పుస్తకం సంగతి అడిగారు. చాలా మంచి పుస్తకం దిదీ. మర్యాదస్తులు ఎంచి కొన్నది. పేరు చెబితే మీరు నమ్మరు, అందుకని చెప్పడం లేదు. మీరు ఏ పుస్తకం తెరిచి కూర్చున్నా ఫరవాలేదు, పిల్లను కాస్త ఒళ్లోకి లాక్కోండి, మొసలి దానంతటదే వస్తుంది.

ఇక యాసంటారా, బరిసాల్ నదిలో పుట్టిన మొసలి కలకత్తా బాబులా ఎలా మాట్లాడుతుంది చెప్పండి? మీరూ ఆ నీళ్లు తాగినవారే. పెళ్లిమాటలనాడు మీ అన్నయ్య చెప్పారు, మీ ఇంటి రేవులో మొసలి తేలితే ఊరందరికంటే ముందు మీరే కేక పెట్టేవారట!

ఉంటాను దిదీ. చలిగా ఉంది, పిల్లకు చెవులు కప్పండి.

మీ శైల

తా.క.: చేప తీసుకున్నాడు. కానీ దాన్ని మొసలి చేతే వండించాడు. పాపం, పన్ను నొప్పితో రుచి కూడా చూడలేకపోయింది.

---

కృష్ణనగర్

శైలబాల గారికి,

నమస్కారాలు. నా చిన్నతనం ఇక్కడ అనవసరం. దేశం రెండు ముక్కలై, మా బరిసాల్ ఆవలి ముక్కలో ఉండిపోతే, మేం ఈ వైపుకు వచ్చిన మొదటి ఏడే, నేను నోరు తెరిస్తే తరగతిలో పిల్లలు నవ్వారు. ఆ రోజే ఆ యాసను గుమ్మం బయట వదిలాను. మళ్లీ ఇంట్లోకి రానివ్వలేదు.

ఊళ్లో పుస్తకాల దుకాణాలన్నీ తిరిగాను. “పంటినొప్పి మొసలి ఉందా?” అని అడిగితే ఒకాయన, “మొసలి లేదు మాష్టారమ్మా, పంటినొప్పికైతే ఇది,” అని పళ్లపొడి డబ్బా చేతిలో పెట్టాడు. కలకత్తా పుస్తకాలవారికి రాశాను. వారు సరీసృపాల మీద మూడు సంపుటాలు పంపారు. తిప్పి పంపాను.

ఇంతలో కథలోకి మొసలి వియ్యపురాలు ఒకావిడ వచ్చిందట. గుండ్రటి కళ్లజోడు పెట్టుకుని, చేతిలో బెత్తంతో గట్టున నిలబడి, “నోరు తెరు! ఆ పళ్లు వరుసలో నిలబడలేవా?” అని గద్దిస్తుందట. ఈ పుస్తకం రాసినవాడు నన్నెక్కడ చూశాడు?

పుస్తకాన్ని రిజిస్టరు పోస్టులో పంపండి. నేను చూసి సరేననే వరకు, సరస్వతీ పూజ అయ్యాక తుల్తులి మీ ఇంటికి రావడం అన్న మాట లేదు.

ఇట్లు,
చారుశీలా సేన్‌గుప్త

తా.క.: చివరికి ఆ పన్ను పీకింది కళ్లజోడావిడేనట. ఆ ఘట్టం మాత్రం బాగానే రాశాడు.

---

చందన్‌నగర్

దిదీ,

మీ కాళ్లు పట్టుకుంటాను, పిల్లను ఆపకండి. దాని చిన్న పీట వంటింట్లో ఎక్కడిదక్కడే ఉంది. మావారు రోజూ దానికి తగిలి తూలుతున్నారు. “తీసెయ్యరాదూ?” అంటే, “ఉండనీ, వచ్చేస్తుందిగా,” అని నొప్పి వేలు రుద్దుకుంటున్నారు. ఇప్పుడు ఆయనకు ఏమని చెప్పను?

పుస్తకం పంపమన్నారు. ఎలా పంపను? అది మీ ఇంట్లోనే ఉంది. ఇంతకంటే చెబితే మీకు కష్టంగా ఉంటుంది, చెప్పకపోతే నాకు కష్టంగా ఉంది.

మీ శైల

తా.క.: రేగుపళ్ల పచ్చడి పెట్టాను. పూజ కాకముందు రేగుపండు తినకూడదని తెలిసీ మావారు ఒకటి నోట్లో వేసుకున్నారు. సరస్వతీదేవికి చెప్పకండి. ఆవిడ మీ మాట వింటుంది.

---

కృష్ణనగర్

శైలబాల గారికి,

నమస్కారం. బడి లైబ్రరీ తాళాలు ముప్పై ఏళ్లు నా కొంగున ఉన్నాయి. ఒక్క అట్టముక్క పోలేదు. అలాంటి నన్ను, మీ పుస్తకం దాచుకున్నానంటారా?

అయినా న్యాయం న్యాయమే కనుక పిల్ల రేకుపెట్టె దగ్గర కూర్చుని వెతికాను. రెండు గౌన్లు, తోక విరిగిన మట్టి పిల్లి, ఒంటి మేజోడు, ‘బాతుగారి దినచర్య’. మొసలి లేదు.

ఇక ఉత్తరాలు వద్దు. తుల్తులి ఇక్కడే ఉంటుంది.

చారుశీలా సేన్‌గుప్త

తా.క.: పిల్ల నాతో మాట్లాడటం మానేసింది. మంచం కింద దూరి మొసలితో మాట్లాడుతోంది.

---

శ్రీ సరస్వత్యై నమః
కృష్ణనగర్, మాఘమాసం

శైలా,

నిన్న పూజ అయింది. ఇంట్లో పుస్తకాలన్నీ దేవి పాదాల దగ్గర పెట్టాం. వాటన్నిటి పైన ‘బాతుగారి దినచర్య’. పూజనాడు అక్షరం చదవకూడదు, రాయకూడదు కనుక ఈ ఉత్తరం ఇవాళ రాస్తున్నాను.

మధ్యాహ్నం చూద్దును కదా, తుల్తులి ఆ పుస్తకాన్ని పూలతో సహా లాక్కుని నా దగ్గరికి వచ్చింది.

“ఇవాళ చదవకూడదమ్మా, పాపం,” అన్నాను.

“దిదా ఎప్పుడూ చదవదుగా! అక్షరాల మీద ఇలా అరచెయ్యి పెట్టేసి బొమ్మలు చూస్తుంది.”

“అలా ఎందుకూ?”

“నాకు ఆవలింతలొచ్చాయని. ఠాకుమా ఎంచి కొన్న పుస్తకం కదా, పక్కన పెడితే ఠాకుమా చిన్నబుచ్చుకుంటుందట. అందుకని.”

నేను పుస్తకం ఒళ్లో తెరిచాను. తర్వాత అక్షరాల మీద అరచెయ్యి పెట్టాను.

ప్రతి పేజీలోనూ చెరువు మూల ఒక దుంగ ఉంది. ఇన్నాళ్లూ దుంగ అనుకున్నాను. దానికి కళ్లున్నాయి. రంగు అలుక్కుపోయి ఒక దవడ వాచినట్టుంది. గట్టు మీద గుండ్రటి కళ్లజోడుతో, బెత్తంతో నిలబడింది బాతుకు పాఠం చెప్పే కొంగ. మెడ దగ్గర పోలిక ఉందని ఒప్పుకుంటున్నాను.

“ఊఁ, ఏడువు ఠాకుమా,” అంది పిల్ల. ఏడిచాను. “ఓలమ్మో, సలిపేత్తంది...”

శైలా, ఆ గొంతు నాది కాదు. మా అమ్మది. రేవు మెట్ల మీద గిన్నెలు తోముతూ, “ఓలె చారూ, నీల్లకాడికి ఎల్లకే, మొసలున్నాది!” అని కేకేసేది. ఆమె పోయాక ఆ గొంతు ఎంత తలుచుకున్నా నాకు వినిపించలేదు. నేను వెతికిందంతా తప్పుల్లేని భాషలో. అక్కడ ఆమె ఎలా దొరుకుతుంది?

పిల్ల ఒక్కసారి కాదు, నాలుగుసార్లు ఏడిపించింది. చివరిసారి దానికి తెలియకుండా నిజంగానే ఏడిచాను.

గురువారం బండికి తుల్తులిని నేనే తీసుకొస్తున్నాను. వారం రోజులు ఉంటాను. వంటింట్లో పీట తీయకండి. దాని పక్కన నాకూ ఒకటి వేయండి. మీవారిని మాత్రం చూసి నడవమనండి.

మీ చారు

తా.క.: ‘బాతుగారి దినచర్య’ ఆరో పేజీలో అచ్చుతప్పు ఉంది. ఆ పేజీ దాకా ఇంతవరకు ఎవరూ చదవలేదన్నమాట, కొన్న మనిషితో సహా.

ఇంకో తా.క.: మొసలికి ఇప్పుడు రెండో దవడ నొప్పి మొదలైంది. ఏం చెయ్యాలో వెంటనే రాయండి. ఈసారి తుల్తులి అడగడం లేదు. నానే అడుగుతన్నాను.